ఎకానమీ కోడుతో ఫస్టు క్లాసు టికెట్టు: ఈ వై-అప్ ఫేర్ల సంగతి ఎవరికైనా తెలుసా?

పెన్నఒడ్డు – అనంతపురం

అందరికీ నమస్తే. మా అమ్మకి 68 ఏండ్లు, రెండు మోకాళ్ళూ అరిగిపోయినాయి. వచ్చే నెల అమెరికా పోతాంది. బెంగుళూరు నుంచి చికాగో దాకా టికెట్టు అయిపోయింది, ఆడ మా తమ్ముని దగ్గర 15 రోజులుంటాది, తర్వాత సియాటిల్‌లో మా అక్క ఇంటికి పోవల్ల. ఈ చికాగో–సియాటిల్ టికెట్టు విడిగా తీసుకోవల్ల, అదే ఇప్పుడు నా తలనొప్పి. నాలుగు గంటల పైనే ప్రయాణం, మామూలు సీట్లో కాళ్ళు ముడుచుకోని కూర్చుంటే మా అమ్మ దిగేటప్పుడు నిలబడలేదు, పోయినసారి హైదరాబాద్ నుంచి ఢిల్లీ పోయినప్పుడే చూసినా.

వెతికితే ఎకానమీలో చీప్ టికెట్టు 180 డాలర్లు, ఎకానమీలోనే ఎప్పుడైనా మార్చుకునే టికెట్టు 410, ఫస్టు క్లాసు 455 చూపిస్తాంది. 410కీ 455కీ తేడా ఇంతేనా అని నమ్మకం రాలేదు. మా అక్క ఆఫీసులో ఒకాయన "అవి వై-అప్ ఫేర్లు, కోడు ఎకానమీది, సీటు ఫస్టుది" అని చెప్పినాడంట. అంటే ఏమి? ఆడ పోయినాక "నీది ఎకానమీ టికెట్టు, వెనక్కి పో" అంటే మా అమ్మకి ఇంగ్లీషు రాదు, ఎవరితో కొట్లాడుతాది?

కొండారెడ్డి బురుజు – కర్నూలు

తమ్ముడూ, నేను హైదరాబాద్‌లో టికెటింగ్ కౌంటర్లో 20 ఏండ్లు పనిచేసి ఇప్పుడు కర్నూల్లో ఉంటాండా. కొంచెం పొడుగ్గా చెప్తా, ఓపిగ్గా చదువు, ఎందుకంటే ఇది సగం తెలిసినోళ్ళే ఎక్కువ మోసపోతారు.

విమానం టికెట్టు మీద రెండు వేరే వేరే సంగతులుంటాయి. ఒకటి ఫేర్ బేసిస్, అంటే ఏ రేటు కింద అమ్మినారు, ఆ రేటుకు రూల్స్ ఏమి అని చెప్పే కోడు. రెండోది బుకింగ్ క్లాస్, ఒక్క అక్షరం, నీకు ఏ క్యాబిన్లో ఏ బకెట్ నుంచి, అంటే ఒక్కో రేటుకు పక్కన పెట్టిన సీట్ల వాటాల్లో దేని నుంచి, సీటు తీసినారు అని చెప్పేది. మామూలుగా ఈ రెండూ ఒకటే అక్షరంతో మొదలవుతాయి. ఫుల్ రేటు ఎకానమీ అయితే కోడు వైతో మొదలవుతాది, బుకింగ్ కూడా వైలోనే. వై-అప్‌లో ఏం చేస్తారంటే ఫేర్ బేసిస్ వైతో మొదలై వెనకాల "అప్" అన్న అక్షరాలుంటాయి, బుకింగ్ మాత్రం ఎఫ్ లోనో ఎ లోనో చేస్తారు, అంటే ఫస్టు క్లాసు సీటు. అట్లే క్యూ-అప్, కె-అప్ అని ఇంకా తక్కువ రేటు కోడ్ల మీద కూడా వచ్చేవి. రైల్లో స్లీపర్ టికెట్టు తీసుకుంటే చార్టు వేసేటప్పుడు థర్డ్ ఏసీ ఖాళీ ఉంటే ఆటో అప్‌గ్రేడ్ ఇస్తారు చూడు, అది అదృష్టం. ఇది అట్ల కాదు, కొన్న నిమిషం నుంచే ముందు సీటు కన్ఫర్మ్. మీ అమ్మను ఎవరూ వెనక్కి పొమ్మనరు.

ఎందుకు ఇట్ల తిరకాసుగా అమ్మినారు అంటే అమెరికాలో 1978 దాకా టికెట్టు రేట్లు గవర్నమెంటు బోర్డు చెప్పేది, ఆ ఏడాది చట్టం మార్చినాక ఎవరి రేటు వాళ్ళదే అయింది. ఫస్టు క్లాసు రేటు మాత్రం ఆకాశంలోనే ఉండె, కొనేటోళ్ళు తక్కువ. ఇంకోపక్క కంపెనీలు తమ స్టాఫ్‌కి "ఎకానమీ రేటే ఇస్తాం" అని రూలు పెట్టినాయి. ముందర సీట్లు ఖాళీగా పోతాండాయి, లేకపోతే ఎక్కువ తిరిగేవాళ్ళకి ఊరికే ఇస్తాండారు. పత్తికొండ మార్కెట్లో టమేటా చూడు, సాయంత్రమైతే ఏ రేటుకైనా ఇచ్చేస్తారు, మర్నాటికి పనికిరాదు కాబట్టి. విమానం తలుపేసినాక ఖాళీ సీటు కూడా అంతే. అందుకని ఫస్టు క్లాసు బోర్డు రేటు అట్లే పెట్టి, ఎకానమీ పేరు మీద పక్క దోవలో తగ్గించి అమ్మినారు. కంపెనీ అకౌంట్స్‌లో చూసే మనిషికి కోడు వై అని కనపడుతాది, ప్రయాణం చేసే మనిషికి కాళ్ళు చాపుకునే జాగా దొరుకుతాది.

లేపాక్షి బసవ – బెంగుళూరు (ఊరు హిందూపురం)

బురుజన్నా, చెప్పింది కరెక్టే గానీ ఇందులో నష్టపోయినోళ్ళు కూడా ఉండారు. నేను పదేండ్లు అమెరికాలో వారం వారం తిరిగినా. ఒకే ఎయిర్‌లైన్‌కి కట్టుబడి అన్ని మైళ్ళు తిరిగితే అప్‌గ్రేడ్ వస్తాది అనే కదా ఆ లాయల్టీ ప్రోగ్రాంలు పెట్టింది, 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ మొదలుపెట్టినప్పటి నుంచి జనం నమ్ముకున్నది అదే. ముందర సీట్లన్నీ 40, 50 డాలర్ల తేడాకి అమ్మేస్తే ఏండ్ల తరబడి తిరిగినోనికి ఏం మిగులుతాది? చివరి రెండేండ్లు నాకు అప్‌గ్రేడ్ వచ్చింది చేతి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. లిస్టులో నా పేరు మూడోది, సీట్లు సున్నా.

కొండారెడ్డి బురుజు – కర్నూలు

బసవా, నీ బాధ నాకు తెలుసు, కౌంటర్లో నీలాంటోళ్ళు రోజూ వచ్చేటోళ్ళు. కానీ ఒక మాట ఆలోచించు. మోకాళ్ళ నొప్పి ఉన్న ఒక పెద్దామె ఏడాదికోసారి గూడా విమానం ఎక్కదు, ఆమెకి మైళ్ళు ఎప్పటికి వస్తాయి? డబ్బు కట్టి అడిగే దోవ ఉండేది ఆమెకి మంచిదే. నా మటుకు నాకు ఊరికే ఇచ్చే సీటు కంటే తక్కువ రేటుకి అమ్మే సీటే న్యాయంగా అనిపిస్తాది.

తాడిపత్రి ఆడబిడ్డ – డాలస్

పెన్నఒడ్డు తమ్ముడూ, నేను ఈడికి వచ్చి 14 ఏండ్లు, మా అత్తమ్మను మామయ్యను ఇట్లే తిప్పుతాంటా కాబట్టి నాకు తెలిసింది చెప్తా. ముందు నువ్వు పోల్చేది తప్పు. 410కీ 455కీ పోలుస్తాండావు, కానీ ఫస్టు క్లాసు లేకపోతే నువ్వు 410ది కొంటావా? కొనవు, 180ది కొంటావు. అందుకని 180తోనే మొదలుపెట్టు. ఆ 180ది బేసిక్ ఎకానమీ అయితే సీటు ఊరికే ఎంచుకోనీరు, మీ అమ్మకి మధ్య సీటు పడినా పడుతుంది. సీటుకి డబ్బు కట్టాలి. పెట్టెలకి డబ్బు కట్టాలి, మొదటిదానికి దగ్గర దగ్గర 35 నుంచి 40 డాలర్లు, రెండోదానికి ఇంకో పది ఎక్కువ. 2008 దాకా ఒక పెట్టె ఊరికే తీసుకుపోయేవాళ్ళంట, ఆ ఏడాది నుంచి పెద్ద ఎయిర్‌లైన్స్ చాలామటుకు వరసగా దానికి ఛార్జి మొదలుపెట్టినాయి.

ఇంకోటి బరువు. ఎకానమీలో పెట్టెకి 23 కిలోలే. మన అమ్మలు ఇండియా నుంచి వచ్చేటప్పుడు ఒక పెట్టెలో గోంగూర పచ్చడి, ఇంకో పెట్టెలో సున్నిపిండి, నిప్పట్లు, కొడుకు ఇంట్లో 15 రోజులుండి ఆడ కొన్నవి, ఎట్లైనా బరువు పెరుగుతుంది. 23 దాటితే 100 డాలర్ల దాకా లాగుతారు. ఫస్టు క్లాసులో రెండు పెట్టెలు ఫ్రీ, ఒక్కోటి 32 కిలోల దాకా. ఇవన్నీ కలిపితే నీ 180 టికెట్టు 300 అవుతుంది, అప్పుడు 455తో తేడా 155. దాంట్లో మీ అమ్మ మోకాళ్ళు ఎంత చేస్తాయో నువ్వే చెప్పాల. నేనైతే పెట్టేస్తా.

ఈడి ఫస్టు క్లాసు అంటే సినిమాల్లో చూపించేట్టు పడుకునే మంచం అనుకోవద్దండీ. దేశం లోపల తిరిగే చాలా విమానాల్లో అది వెడల్పు కుర్చీ, వరసకి రెండూ రెండూ, ముందు సీటుకీ మన సీటుకీ 37, 38 అంగుళాలు ఉంటుంది, వెనక 30, 31. అంతే తేడా, కానీ ఆ 7 అంగుళాలే మోకాలికి కావాల్సింది. లాంజ్, అంటే ఎయిర్‌పోర్టులో కూర్చునే స్పెషల్ గది కూడా మామూలుగా రాదు.

పెన్నఒడ్డు – అనంతపురం

అక్కా, నేను ఈ లెక్క వేయనే లేదు. 410 పక్కన 455 చూసి ఎగిరిపడినా. థాంక్స్.

గండికోట గాలి – కడప

నేను చెప్పేది విని అందరూ జాగ్రత్తగా ఉండండప్పా. నాలుగేండ్ల కింద మా నాయనకి వెన్ను ఆపరేషన్ అయిన ఏడాది లోపలే మా అన్న కాడికి అమెరికా పోవల్సి వచ్చింది. ఆడ లోపల తిరిగే టికెట్టు ఇద్దరికీ ఒక ఏజెంటు చేసిచ్చినాడు, పేరు చెప్పను, ఇప్పుడు చెప్పి లాభం లేదు. "సార్, ఇది స్పెషల్ ఫేరు, కోడు వైతో మొదలవుతాది, వై అంటే ఆటోమేటిగ్గా ముందర సీటు, ఎకానమీ రేటుకు ఫస్టు క్లాసు" అని 90 వేలు తీసుకున్నాడు. ఆడ పోతే బోర్డింగ్ పాస్ మీద 31వ వరస, మధ్య సీటు. మా అమ్మ ఒకచోట, మా నాయన ఒకచోట. కౌంటర్లో అడిగితే మీది మామూలు ఎకానమీ టికెట్టే అన్నారంట. దిగినాక మా నాయన రెండు రోజులు మంచం దిగలేదు. తర్వాత మా అన్న చూస్తే ఆ టికెట్టు అసలు రేటు ఇద్దరికీ కలిపి 38 వేలు. డబ్బు పోతే పోనీ, మా నాయన ఆ నాలుగు గంటలు పడిన నొప్పి తలచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు. ఫోన్ చేస్తే ఎత్తడు, ఆఫీసుకి పోతే బోర్డు మారిపోయింది.

కొండారెడ్డి బురుజు – కర్నూలు

గాలి తమ్ముడూ, చదివితే కడుపు కాలింది. ఆ ఏజెంటు చేసింది చూడండి, నేను పైన చెప్పిన రెండు సంగతుల్ని ఒకటిగా కలిపేసినాడు. కోడు వైతో మొదలైనంత మాత్రాన ముందు సీటు కాదు. వైలో రేటు, వైలోనే బుకింగ్ అయితే అది సాదా ఎకానమీ, కాకపోతే ఖరీదైన ఎకానమీ. వై రేటు ఉండి బుకింగ్ ఎఫ్, ఎ లాంటి ముందు క్యాబిన్ అక్షరంలో ఉంటేనే వై-అప్. మళ్ళీ ఈ అక్షరాలు అన్ని ఎయిర్‌లైన్స్‌కీ ఒకటే కావు, ఒక దాంట్లో ఎ అంటే తగ్గింపు ఫస్టు, ఇంకో దాంట్లో ప్రీమియం ఎకానమీ. అందుకని అక్షరం ఒక్కటే చూసి నమ్మొద్దు, దాని పక్కన క్యాబిన్ పేరు ఏం రాసినారో చూడండి.

ఏజెంటు టికెట్టు ఇచ్చినాక ఆయన ఇచ్చిన పీడీఎఫ్ పక్కన పెట్టేయండి, దాన్ని ఎవరైనా ఎట్లైనా టైపు చేస్తారు. ఎయిర్‌లైన్ సొంత వెబ్‌సైట్లోకి పోయి ఆరు అక్షరాల పీఎన్ఆర్, ఇంటిపేరు కొట్టండి. ఏజెంటు సిస్టంలో ఉండే పీఎన్ఆర్, ఎయిర్‌లైన్ పీఎన్ఆర్ ఒక్కోసారి వేరేగా ఉంటాయి, ఎయిర్‌లైన్‌దే అడిగి తీసుకోండి. ఆడ క్యాబిన్ ఫస్టు అని ఉండల్ల, సీటు మ్యాప్ తెరిస్తే ముందు వరసల్లో మీ సీటు కనపడల్ల. 13 అంకెల ఈ-టికెట్టు నంబరు ఉండల్ల, అది లేకపోతే బుకింగ్ మాత్రమే అయినట్టు, టికెట్టు కొట్టలేదు అని అర్థం. ఆ నంబరు మొదటి మూడంకెలు చూస్తే ఏ ఎయిర్‌లైన్ టికెట్టో తెలుస్తాది: 001 అమెరికన్, 006 డెల్టా, 016 యునైటెడ్, మన ఎయిర్ ఇండియాది 098.

ఇంకా ఓపిక ఉన్నోళ్ళకి ఐటీఏ మ్యాట్రిక్స్ అని ఒక వెబ్‌సైటుంది. అమెరికాలో ఎంఐటీ యూనివర్సిటీ వాళ్ళు 1996లో పెట్టిన కంపెనీది, 2011లో గూగుల్ 70 కోట్ల డాలర్లిచ్చి కొనుక్కుంది. దాంట్లో టికెట్టు అమ్మరు, కానీ ఫేర్ బేసిస్, బుకింగ్ అక్షరం, రూల్స్ అన్నీ పక్క పక్కన చూపిస్తాది. కౌంటర్లో మేము చూసేదానికి దగ్గర దగ్గరగా ఇంట్లో కూర్చోని చూడొచ్చు. నేను ఇప్పటికీ మా బంధువుల టికెట్లన్నీ దాంట్లోనే సరిచూస్తా.

బెలుం గుహ – కర్నూలు

సార్, నాది ఇంకో సందేహం. నేను యూనివర్సిటీలో పనిచేస్తా, ప్రాజెక్టు డబ్బుతో అమెరికాలో కాన్ఫరెన్సుకి పోవాలి, ఆడ ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి కూడా తిరగాలి. మాకు ఎకానమీ వరకే ఇస్తారు. కోడు వై అని ఉంటే ఎకానమీ కిందే క్లెయిమ్ పెట్టుకోవచ్చు కదా? తప్పేమీ కాదు కదా, రేటు ఎకానమీ రేటే కదా?

లేపాక్షి బసవ – బెంగుళూరు

పెట్టుకోవచ్చు సార్, అసలు ఆ ఫేర్లు పుట్టిందే దానికి అని అన్న పైనే చెప్పినాడు కదా. మా పాత కంపెనీలో సగం మంది అట్లే పోయేటోళ్ళు, అకౌంట్స్ వాళ్ళకి రసీదులో వై కనపడితే చాలు.

కొండారెడ్డి బురుజు – కర్నూలు

వద్దు సార్. ప్రైవేటు కంపెనీ సంగతి ఆ కంపెనీ చూసుకుంటాది, ప్రజల డబ్బు వేరే. మన సెంట్రల్ గవర్నమెంటు రూల్స్‌లో దేశం లోపల విమానం బిజినెస్ క్లాసు 14వ పే లెవెల్, ఆపైన వాళ్ళకే, దాని కింద విమానం ఇచ్చేవాళ్ళకి ఎకానమీ. ఆ రూలు క్లాసు గురించి, కోడు గురించి కాదు. బోర్డింగ్ పాస్ జత చేస్తారు కదా, దాని మీద 2ఎ అని సీటు ఉంటే ఆడిటరు అడుగుతాడు. అమెరికాలోనే చూడండి, గవర్నమెంటు ఉద్యోగులు రూలు లేకుండా ముందు క్లాసుల్లో తిరిగినారని వాళ్ళ ఆడిట్ ఆఫీసు 2007లో రిపోర్టు ఇచ్చింది, ఒక్క ఏడాదికే 14 కోట్ల 60 లక్షల డాలర్లు తప్పుగా ఖర్చయిందని లెక్క తేల్చింది. మీకు నిజంగా అవసరముంటే ముందే ఆ రోజు మామూలు ఎకానమీ ఎంత, ఇది ఎంత అని స్క్రీన్ షాట్ తీసి, తేడా నేను పెట్టుకుంటా అని రాసిచ్చి పర్మిషన్ తీసుకోండి. సంతకం చేసిన కాగితం ఉంటే ఎవరికీ భయపడాల్సిన పని లేదు.

బెలుం గుహ – కర్నూలు

సరే సార్. రాసే అడుగుతా, ఇవ్వకపోతే వెనకే కూర్చుంటా.

తాడిపత్రి ఆడబిడ్డ – డాలస్

బురుజన్నా, ఒకటి అడుగుతా. ఈ మధ్య నేను ఎంత వెతికినా ఆ "అప్" కోడు కనపడలేదు, కానీ ఫస్టు రేట్లు మాత్రం తక్కువగానే ఉంటాండాయి. ఆపేసినారా?

కొండారెడ్డి బురుజు – కర్నూలు

ఆ పేరుతో బాగా తగ్గిపోయినాయి చెల్లెమ్మా. ముందు దొంగచాటుగా తగ్గించేవాళ్ళు, ఇప్పుడు ఫస్టు రేటునే బహిరంగంగా తగ్గించేసినారు, ఎకానమీ కొనేటప్పుడే "ఇంత కడితే ముందు సీటు" అని పక్కనే చూపిస్తారు. అందుకే పెన్నఒడ్డు తమ్మునికి 455 కనపడింది. అది వై-అప్పో, మామూలు తగ్గింపు ఫస్టో, కొనేవానికి తేడా రూల్స్‌లోనే. పాత వై-అప్ అంటే ఫుల్ రేటు కాబట్టి చాలా వాటికి డబ్బు వాపసు ఉండేది. క్యూ-అప్, కె-అప్‌లకి ఇన్ని రోజులు ముందు కొనాలి, వాపసు లేదు అని షరతులుండేవి. ఇప్పటి తగ్గింపు ఫస్టు కూడా చాలామటుకు వాపసు ఇవ్వనిదే, రద్దు చేస్తే తర్వాత టికెట్టుకి వాడుకునే క్రెడిట్ ఇస్తారు. కాబట్టి 455ది కొనేముందు రద్దు షరతులు చదువు తమ్ముడూ, 410ది వాపసు వచ్చేది, 455ది రానిది అయితే ఆ రెండింటినీ పక్క పక్కన పెట్టి చూడడమే కుదరదు.

భయం లేకుండా కొనేదానికి ఒక రూలు ఉంది. ఎయిర్‌లైన్ దగ్గర నేరుగా, ప్రయాణానికి 7 రోజులు లేదా అంతకంటే ముందు కొంటే, 24 గంటల లోపల రద్దు చేస్తే మొత్తం డబ్బు వెనక్కి ఇవ్వల్ల, లేకపోతే డబ్బు కట్టకుండా 24 గంటలు రేటు పట్టిపెట్టల్ల. అది అమెరికా ప్రభుత్వ రూలు. ఏజెంటు దగ్గర కొంటే ఇది వర్తించకపోవచ్చు. అందుకే మీ అక్కను ఆడి నుంచే ఎయిర్‌లైన్ సైట్లో కొనమను.

గండికోట గాలి – కడప

మన ఇండియాలో ఇట్లాంటివి ఉన్నాయా అన్నా? ఉంటే మా నాయన్ని ఢిల్లీ తీస్కపోవల్ల, ఎయిమ్స్‌కి.

కొండారెడ్డి బురుజు – కర్నూలు

ఎకానమీ కోడు మీద ముందు సీటు అనేది ఈడ నేను అమ్మలేదు తమ్ముడూ. బిజినెస్ ఉండే విమానాలే మనకి తక్కువ. కర్నూలు ఓర్వకల్లు నుంచి గానీ మీ కడప నుంచి గానీ ఎగిరేవి చిన్న విమానాలు, అన్నీ ఒకటే క్యాబిన్. ఢిల్లీకి అయితే హైదరాబాద్ నుంచో బెంగుళూరు నుంచో ఎయిర్ ఇండియాలో బిజినెస్ దొరుకుతాది. ఒకటి గుర్తుపెట్టుకో, ఎకానమీ మీద జీఎస్టీ 5 శాతం, బిజినెస్ మీద 12 ఉండేది 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 అయింది. వెన్ను నొప్పికి అంత అక్కర్లేకపోతే ఎకానమీలో మొదటి వరస లేదా ఎమర్జెన్సీ తలుపు పక్కది కాకుండా వేరే ఎక్స్‌ట్రా జాగా సీటు తీసుకో. ఎమర్జెన్సీ తలుపు దగ్గర నీ నాయన లాంటోళ్ళని కూర్చోనీరు. వీల్‌చైర్ టికెట్టు కొనేటప్పుడే చెప్పు.

పెన్నఒడ్డు – అనంతపురం

అందరికీ చెప్పేది ఏమంటే టికెట్టు అయిపోయింది. మా అక్క ఎయిర్‌లైన్ సైట్లోనే కొనింది, ఇంకా 20 రోజులు టైముంది కాబట్టి 24 గంటల రూలు కూడా వర్తించింది. నిన్న రాత్రి 455 ఉన్నది పొద్దునకి 448 అయింటే పాతది రద్దు చేసి కొత్తది కొనింది. బురుజన్న చెప్పినట్టు అన్నీ చూసినా: క్యాబిన్ ఫస్టు, సీటు 3ఎఫ్, 13 అంకెల నంబరు 016తో మొదలైతాంది. ఫేర్ బేసిస్‌లో "అప్" అని ఏమీ లేదు, ఇప్పుడు దాని గురించి దిగులు లేదు. డబ్బు వాపసు రాదు, క్రెడిట్ ఇస్తారంట, ఒప్పుకున్నాం.

వీల్‌చైర్ పెట్టించినాం, దానికి ఏ క్లాసుకైనా ఒక్క రూపాయి తీసుకోరంట, అమెరికాలో 1986 నుంచి చట్టమే ఉందని అక్క చెప్పింది. భోజనం ఏషియన్ వెజిటేరియన్ అని పెట్టమన్నా. అమ్మకి సీటు ఫొటో చూపిస్తే "ఇంత జాగా నా ఒక్కదానికేనా, డబ్బులెంత పోసినావురా" అని తిట్టింది. 32 కిలోల సంగతి చెప్పగానే తిట్టడం ఆపి నిప్పట్లకి బియ్యం నానబెట్టింది. తాడిపత్రి అక్కా, పచ్చడి డబ్బాలు చెక్-ఇన్ పెట్టెలో పెడితే చాలు కదా, చేతి సంచిలో వద్దు కదా?

తాడిపత్రి ఆడబిడ్డ – డాలస్

చేతి సంచిలో వద్దే వద్దు తమ్ముడూ, పచ్చడిని వాళ్ళు ద్రవం లెక్కలో వేస్తారు, 100 మిల్లీలీటర్లు దాటితే తీసి పారేస్తారు. డబ్బాకి టేపు చుట్టి, రెండు కవర్లలో పెట్టి, చీరల మధ్యలో కాదు, పాత దుప్పటిలో చుట్టి పెట్టెలో పెట్టు. బయటికి ఎత్తేముందు ఇంట్లో కాటా మీద తూచు. ఆ 32 కిలోలు చికాగో–సియాటిల్ టికెట్టుకే, బెంగుళూరు నుంచి వచ్చేటప్పుడు ఆ టికెట్టు మీద రాసిన బరువు లోపలే ఆపు.